మాట్ బస్బీ మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడేనా?

కాదు, మాట్ బస్బీ ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ యునైటెడ్‌కు మేనేజర్‌గానే వచ్చారు, ఆటగాడిగా ఆయన ఆడింది ఆ ఊరి ప్రత్యర్థి క్లబ్ మాంచెస్టర్ సిటీకి, ఆ తర్వాత లివర్‌పూల్‌కు.

స్కాట్లాండ్‌లోని బొగ్గు గనుల ప్రాంతంలో 1909లో పుట్టిన బస్బీ 1928లో సిటీలో చేరి, 1934లో ఆ జట్టుతోనే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ నాకౌట్ పోటీ అయిన ఎఫ్.ఏ. కప్ గెలిచారు. 1936లో లివర్‌పూల్‌కు మారారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే సమయానికి లివర్‌పూల్ ఆయనకు సహాయ శిక్షకుడి పదవి ఇవ్వజూపింది. ఆయన కోరుకున్నది వేరు: జట్టు ఎంపిక, శిక్షణ, ఆటగాళ్ల కొనుగోలు, అమ్మకం అన్నీ మేనేజర్ చేతిలోనే ఉండాలి. డైరెక్టర్ల మాటే చెల్లే ఆ రోజుల్లో ఇది పెద్ద కోరికే. 1945లో యునైటెడ్ ఒప్పుకుంది, మైదానం బాంబు దాడిలో దెబ్బతిని ఉన్న క్లబ్ మరి!

ఆ అధికారం ఎలా పనిచేసిందో చెప్పడానికి యునైటెడ్ ఆటగాడు జానీ కేరీ ఉదాహరణ చాలు. ముందు వరుసలో ఆడే అతన్ని బస్బీ రక్షణ వరుసకు మార్చారు, 1948లో ఎఫ్.ఏ. కప్ అందుకున్న కెప్టెన్ అతనే.

‘బస్బీ బేబ్స్’ అన్న పేరు విని, బస్బీ కూడా వాళ్లతో కలిసి ఆడారని కొందరు పొరబడతారు. వాళ్లు 1950లలో ఆయన తీర్చిదిద్దిన కుర్రాళ్లు. అప్పటికి ఆయన ఆట మానేసి ఏళ్లయింది.