మండువా లోగిలి గోడలకు చెమ్మ: గోడలు పడగొట్టకండి

సిమెంటు పూత వేయించిన రెండేళ్ళకే మీ తాతగారి మండువా ఇంటి గోడలు నడుము ఎత్తున చెమ్మెక్కి, పెచ్చులూడి, తెల్లగా ఉప్పు పేరుకుంటోందని రాశారు. గోడలు పడగొట్టమని మేస్త్రీ చెప్పారని తొందరపడకండి. తప్పు గోడలది కాదు, ఆ పూతది.

అలాంటి పాత ఇళ్ళ పునాదుల్లో చెమ్మను ఆపే పొర ఉండదు. నేల తడి ఇటుకల్లోకి ఎక్కడం సిమెంటు వేయకముందూ ఉంది. అప్పటి సున్నపు పూతలోని సన్నని రంధ్రాల గుండా ఆ తడి ఆవిరైపోయేది. సిమెంటు ఆ దారి మూసేసింది. తడి ఇంకా పైకి పాకి, తనతో తెచ్చిన లవణాలను వదులుతోంది. అవి గడ్డకట్టి పూతను బయటికి నెడుతున్నాయి.

ముందు మండువా తూము, అంటే ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి ఉన్న గుంటలోంచి నీరు బయటికి పోయే దారి చూడండి. నాలుగు వైపుల చూరు నీరు దిగేది ఆ గుంటలోకే. తూము పూడితే అదంతా గోడల మొదళ్ళలోకి ఇంకుతుంది. మా ఇంటి తూములోంచి పెంకు ముక్కలు, చీపురుపుల్లలు బుట్టెడు తీశాం!

తర్వాత చెమ్మ గీతకు అడుగు పైదాకా సిమెంటు ఒలిపించి, ఒక వేసవి పూర్తిగా ఆరనివ్వండి. ఆపైన గానుగ సున్నం (గానుగలో నూరిన సున్నం), ఇసుక కలిపి పలుచని పొరలుగా పూయించండి. ఒక్కో పొరను కొన్నాళ్ళు తడిపి ఉంచాలి, లేకపోతే బీటలు వారుతుంది. పైన వెల్ల చాలు, ప్లాస్టిక్ రంగులు వద్దే వద్దు. సున్నం పని తెలిసిన మేస్త్రీల కోసం పాత గుళ్ళ మరమ్మతులు జరిగే చోట వాకబు చేయండి.

మండువా మీద రేకులు వేయాలన్న ఆలోచన మాత్రం దయచేసి మానుకోండి. ఇంటి వేడిగాలి పైకి పోయే దారి అదే.