ఫిట్స్ మాత్ర వేసుకునేవాళ్లు గర్భనిరోధక మాత్ర మొదలుపెట్టే ముందు

చెల్లీ, గాజువాక నుంచి డాలస్ వచ్చి రెండు నెలలైందన్నావు. ఫిట్స్‌కి లామోట్రిజిన్ వాడుతున్నావు, ఇక్కడి గైనకాలజిస్టు పిల్ రాసింది, వేసుకోవచ్చా అని అడిగావు. 2007లో నాదీ ఇదే పరిస్థితి. నన్నడిగేవాళ్లు గానీ, నేనడగడానికి గానీ అప్పుడు ఎవరూ లేరు. మీకు ఆ కష్టం తెలియదు.

మాది విశాఖలో పెదవాల్తేరు. కొత్తలో ఫిట్స్ సంగతి మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. గైనకాలజిస్టు ఇచ్చిన ఫారంలో కూడా రాయలేదు, దానికీ దీనికీ ఏం సంబంధం అనుకున్నాను. మొదటి పాకెట్టు అయ్యాక మాత్ర లేని వారంలో కళ్లు తిరిగాయి. తిండి సరిగా లేక అనుకున్నాను. రెండో పాకెట్టులో ఉండగా ఆయన ఆఫీసు పని మీద ఊరెళ్లారు. పొద్దున్నే పెనం మీద అట్టు వేశాను. కళ్లు తెరిచేసరికి నేల మీద ఉన్నాను. నోట్లో రక్తం, ఇల్లంతా మాడు వాసన, పైన స్మోక్ అలారం గోల. మా వీధిలో గిన్నె కింద పడితేనే పక్కింటి పిన్నిగారు వచ్చేసేవారు. ఇక్కడ అంత మోత మోగినా తలుపు తట్టినవాళ్లు లేరు.

తర్వాత న్యూరాలజిస్టు చెప్పారు. పిల్‌లో ఉండే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ వల్ల రక్తంలో లామోట్రిజిన్ సగానికి పడిపోవచ్చట, అందుకే నాకు ఫిట్స్ వచ్చింది. పాకెట్ల మధ్య పిల్ లేని వారంలో అది మళ్లీ పెరుగుతుంది, అందుకే ఆ కళ్లు తిరగడం. కార్బమజెపిన్, ఫెనిటోయిన్, ఫినోబార్బిటాల్ వాడేవాళ్లకి కథ తిరగబడుతుంది. ఆ మందులు పిల్‌నే సరిగా పనిచేయనివ్వవు, వద్దనుకున్న గర్భం రావచ్చు. లెవెటిరాసెటమ్‌తో ఈ గొడవ లేదు. కాపర్ టీకి ఏ ఫిట్స్ మందుతోనూ ఇబ్బంది లేదు, నేను దానికే మారాను. ఇద్దరు డాక్టర్లకీ రెండు మందుల పేర్లూ చెప్పు. నీ అంతట నువ్వు ఏ మాత్రా ఆపొద్దు. ఇన్సూరెన్సు, డ్రైవింగ్ రూల్స్ వెబ్‌సైట్లలో ఉంటాయి, చూసుకో.

నా బెంగంతా నువ్వు ఒంటరిగా ఉంటావనే. ఎవరో ఒకరికి చెప్పుకో, సిగ్గుపడకు. నేను ఎదురింటి మెక్సికన్ పెద్దావిడకి చెప్పాను. ఇద్దరికీ ఇంగ్లిష్ అంతంతమాత్రమే. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టకూడదని, ఐదు నిమిషాలు దాటితే 911కి ఫోన్ చేయాలని చేతులతో చేసి చూపించాను. మన వైపు ఫిట్స్ వచ్చినవాళ్ల చేతిలో తాళాలగుత్తి పెడతారు, దానివల్ల ఉపయోగం లేదు. నా ఇంటి తాళం మాత్రం అప్పట్నుంచీ ఆవిడ దగ్గరే ఉంది.