పాత కారు యాక్సిల్ నట్టు తుప్పుపట్టి బిగుసుకుపోతే ఇంట్లోనే విప్పవచ్చా?

విప్పవచ్చు, కానీ జాకీ ఎత్తకముందే, నాలుగు చక్రాలూ నేల మీద ఉండగానే, పొడవాటి పిడితో దాన్ని వదులు చేయాలి. చక్రం మధ్యలో, దాన్ని తిప్పే షాఫ్టు చివర ఉండే ఈ నట్టును కంపెనీలోనే చాలా గట్టిగా బిగిస్తారు. పైగా తుప్పు అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక థ్రెడ్ల మధ్య సందు పూడిపోతుంది. అందుకే ముందురోజు రాత్రే వైర్ బ్రష్‌తో గీకి, తుప్పు వదిలించే నూనె కొట్టి నాననివ్వాలి. చాలామంది మరిచేది మరొకటి ఉంది: నట్టు దానంతటది వదులవకుండా దాని అంచును షాఫ్టు గాడిలోకి నొక్కి ఉంచుతారు, కొన్ని కార్లలో బదులుగా అడ్డంగా దూర్చిన స్ప్లిట్ పిన్ను ఉంటుంది. ఆ అంచును సన్నని ఉలితో లేపకుండా తిప్పితే షాఫ్టు థ్రెడ్డే పోతుంది.

తిరుపతి వీధిలో ఏళ్లుగా వానకు తడిసిన మారుతి 800 అనుకుందాం. దాని హ్యాండ్‌బ్రేక్ వెనక చక్రాలనే పడుతుంది, నట్టేమో ముందు చక్రానిది. కాబట్టి ఒకరు బ్రేకు పెడల్ తొక్కిపట్టాలి. 70 కిలోల మనిషి పావు మీటరు పిడి చివర బరువు వేస్తే నట్టును తిప్పే బలం (టార్క్) సుమారు 170 న్యూటన్ మీటర్లే. పిడికి గొట్టం తొడిగి మీటరు పొడవు చేస్తే దాదాపు 690. మెల్లగా బరువు మోపాలి, పిడి మీదికి దూకడం ప్రమాదం.

ఎడమవైపు నట్టు తిరగేసి తిరుగుతుందన్నది పెద్ద అపోహ. చాలా కార్లలో రెండూ అపసవ్య దిశలోనే వదులవుతాయి. మంటతో కాల్చడమూ తగదు, బేరింగు గ్రీజు, సీలు మాడిపోతాయి. బిగించేటప్పుడు కొత్త నట్టే వేయాలి.