ఉమ్మి పంపితే వంశం తెలుస్తుందా?

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్న మా అమ్మాయి ఆ మధ్య డీఎన్‌ఏ పరీక్ష చేయించుకొని, తన మూలాల శాతాలను ఫేస్‌బుక్‌లో పెట్టింది. బంధువులు మెచ్చుకున్నారు. మా మరిది కొడుకు మాత్రం ఇదంతా మోసమని, మన వివరాలు అమ్ముకుంటారని కింద రాశాడు. వచ్చే నెల మేము అక్కడికి వెళ్తున్నాము. మమ్మల్ని కూడా చేయించుకోమని అమ్మాయి పట్టుబడుతోంది. మా అత్తగారు రొమ్ము క్యాన్సర్‌తో పోయారు, ఆవిడ చెల్లెలికీ అదే జబ్బు వచ్చి నయమైంది కనుక, ఆ సంగతి కూడా తేలుతుందని దాని ఆశ. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఫేస్‌బుక్‌లో కనిపించే మెచ్చుకోలును బట్టి ఈ పరీక్షల విలువ కట్టవద్దు. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు ఉన్న ఒక బృందం 2015 జనవరి నుంచి 2017 జూలై వరకు ఈ విషయంపై వచ్చిన సుమారు 3 లక్షల ట్వీట్లను పరిశీలించగా, మొత్తం మీద ఉత్సాహమే ఎక్కువగా కనిపించింది. అయితే ఆ చర్చను నడిపించిన వారిలో ఈ పరీక్షలకు ఆదరణ పెరిగితే లాభపడేవారు చాలామంది ఉన్నారని, జాతి ద్వేషాన్ని నూరిపోయడానికి ఈ ఫలితాలను వాడుకునేవారు కూడా ఉన్నారని ఆ బృందం గమనించింది.

మన దగ్గర ఆ రెండో ధోరణి కులం రూపంలో కనిపిస్తుంది. శాతాలు చూపించి తమది కల్తీ లేని రక్తమని రాసుకునేవారికి హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 2013లో ప్రచురించిన పరిశోధనే సమాధానం: సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి వరకు మన దేశంలోని దాదాపు అన్ని సమూహాల పూర్వికులూ విస్తృతంగా కలిసిపోయారు. ఆ శాతాలు కూడా కంపెనీ తన దగ్గరున్న నమూనాలతో పోల్చి వేసే అంచనాలే. 2019లో కెనడా టీవీ సంస్థ సీబీసీ ఒకేలా ఉండే కవలల ఉమ్మిని ఐదు కంపెనీలకు పంపితే, కంపెనీకీ కంపెనీకీ లెక్క మారడమే కాక, కొన్నిచోట్ల అక్కకు ఒక లెక్క, చెల్లెలికి మరో లెక్క వచ్చాయి. సరదాకు చూసుకుంటే తప్పు లేదు.

మీ మరిది కొడుకు ‘మోసం’ అనడం అతిగానే ఉంది, కానీ అతని భయాన్ని కొట్టిపారేయలేము. 2023లో ఇలాంటి పరీక్షలు చేసే అమెరికా కంపెనీ 23అండ్‌మీలో దొంగలు ఇతర సైట్ల నుంచి బయటపడిన పాస్‌వర్డ్‌లతో సుమారు 14,000 ఖాతాలలోకి నేరుగా చొరబడ్డారు. అయితే బంధువులను వెతికిపెట్టే సదుపాయం ద్వారా దాదాపు 69 లక్షల మంది వివరాలు వారి చేతికి చిక్కాయి. ఆ సంస్థ 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేయడానికి కాస్త ముందే, తమ సమాచారాన్ని తొలగించుకోమని కాలిఫోర్నియా అటార్నీ జనరల్ ప్రజలకు బహిరంగంగా సూచించారు. చివరికి దానిని వ్యవస్థాపకురాలి ఆధ్వర్యంలోని లాభాపేక్ష లేని సంస్థే 30 కోట్ల 50 లక్షల డాలర్లకు కొనుక్కుంది. వేరొకరు కొని ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. అమెరికాలో 2008 నాటి చట్టం ఆరోగ్య బీమా, ఉద్యోగాల విషయంలో జన్యు వివక్షను నిషేధించింది కానీ జీవిత బీమాను వదిలేసింది. ఇది మీ అమ్మాయికి తెలిసి ఉండాలి. మీ వారి డీఎన్‌ఏలో ఆయన తమ్ముడి కొడుకుకు సగటున నాలుగో వంతు వాటా ఉంటుంది కనుక, ఆ అబ్బాయి అభ్యంతరం తనకు సంబంధం లేని విషయంలో తలదూర్చడం కాదు.

ఇక అసలు విషయం క్యాన్సర్. ఈ వంశపారంపర్య ముప్పు తండ్రి నుంచి కూడా కూతురికి రావచ్చు కనుక మీ అమ్మాయి ఆందోళన సహేతుకమే. ఆమె ఎంచుకున్న దారే సరైనది కాదు. రొమ్ము క్యాన్సర్ ముప్పుతో ముడిపడిన బీఆర్‌సీఏ జన్యువులలో జబ్బుకు దారితీసే మార్పులు వేలల్లో ఉండగా, 2018లో 23అండ్‌మీకి అమెరికా ప్రభుత్వం అనుమతించిన నివేదిక అష్కెనాజీ యూదులలో (ఐరోపా మూలాలున్న ఒక యూదు సమూహం) ఎక్కువగా కనిపించే 3 మార్పులనే చూసేది. 2023లో ఆ సంఖ్య 44కు పెరిగింది. అందులో ‘ఏమీ లేదు’ అని వస్తే గుంటూరు కుటుంబానికి దక్కే భరోసా చాలా స్వల్పం. పైగా కంపెనీ నుంచి తమ డీఎన్‌ఏ ముడి సమాచారాన్ని తీసుకొని వేరే వెబ్‌సైట్లలో చూసుకునే అలవాటు ఒకటి ఉంది. అలా బయటపడ్డ మార్పులను 2018లో ఒక అమెరికన్ ప్రయోగశాల మళ్లీ పరీక్షిస్తే, వాటిలో 40 శాతం అసలు లేనివేనని తేలింది.

కాబట్టి ప్రయాణానికి ముందే హైదరాబాద్ నిమ్స్‌లోని వైద్య జన్యుశాస్త్ర విభాగంలోనో, మీకు దగ్గరలోని క్యాన్సర్ ఆసుపత్రిలోనో జెనెటిక్ కౌన్సెలింగ్ (వంశపారంపర్య ముప్పుపై నిపుణుల సలహా) కోసం కలవండి. జబ్బు వచ్చినవారికి మొదట పరీక్ష చేస్తేనే ఫలితానికి స్పష్టమైన అర్థం ఉంటుంది కనుక, మీ చిన్నత్తగారు ఒప్పుకుంటే రక్తం ఇవ్వవలసింది ముందు ఆవిడే. ఆవిడలో మార్పు కనిపిస్తే, అదే మార్పు మీ వారిలోనూ మీ మరిదిలోనూ ఉందేమో చూస్తారు. వారిలో ఉంటేనే పిల్లల దాకా వెళ్తారు. ఆ పిల్లల్లో మీ మరిది కొడుకూ ఉన్నాడు కనుక, ఫలితం ఏదైనా అతనికి మీరే ఫోన్ చేసి చెప్పండి. ఫేస్‌బుక్‌లో చూసి తెలుసుకోవలసిన పరిస్థితి రానీయకండి.