నికిత ఇష్టం లేకుండానే హంతకురాలు ఎందుకవుతుంది?

ఒప్పుకోకపోతే చంపేస్తారు కాబట్టి. లుక్ బెస్సాన్ 1990లో తీసిన ‘నికిత’ అనే ఫ్రెంచ్ సినిమాలో మత్తుకు బానిసైన నికిత ఓ పోలీసును కాల్చేసి యావజ్జీవ శిక్షతో జైలుకెళ్తుంది, అక్కడ ప్రభుత్వ రహస్య సంస్థ వాళ్లు ఆమె చనిపోయినట్టు దొంగ అంత్యక్రియలు జరిపించి, ఆ ఫొటోలు ముందు పెట్టి, మాకు పనిచేస్తావా లేక నిజంగానే ఆ సమాధిలోకి వెళ్తావా అంటారు.

అసలు సీన్ మాత్రం రెస్టారెంట్‌ది. పుట్టినరోజని, ఆ సంస్థలో ఆమెకు పైఅధికారి బాబ్ డిన్నర్‌కు తీసుకెళ్లి గిఫ్ట్ ఇస్తాడు, పాపం మురిసిపోతూ విప్పితే తుపాకీ! అక్కడే ఉన్న ఒకరిని చంపాలట. పని ముగించి, తప్పించుకోమని చెప్పిన బాత్రూమ్ కిటికీ దగ్గరికి పరుగెత్తితే అక్కడ ఇటుక గోడ. అమీర్‌పేట హాస్టల్లో అర్ధరాత్రి చూస్తుంటే ఆ టెన్షన్‌కు నా ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో మునిగిపోయింది. 1993లో హాలీవుడ్ రీమేక్ కూడా వచ్చింది, కానీ ముందు ఇదే చూడండి.