పోలీసు ఉద్యోగానికి భావోద్వేగ ప్రజ్ఞ నిజంగా అవసరమా?

చాలా అవసరం. ఎదుటివాళ్ల కోపం, భయం వెనక ఏముందో పసిగట్టాలి. అంతకంటే ముందు తన కోపాన్ని తాను గుర్తుపట్టి అదుపులో పెట్టుకోవాలి.

కూతురు కాలేజీ నుంచి రాలేదని రాత్రి పదింటికి స్టేషన్‌కు పరుగెత్తుకొచ్చిన తండ్రిని తీసుకోండి. గొంతు పెంచుతాడు, మాటలు తడబడతాయి. "ఎవరితోనో వెళ్లిపోయి ఉంటుంది, పొద్దున రా" అన్నారంటే ఆయన నోరు మూతపడుతుంది. ఆమె స్నేహితుల పేర్లు, చివరి ఫోన్ కాల్ లాంటి పనికొచ్చే వివరాలన్నీ అక్కడే ఆగిపోతాయి. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "మొదట్నుంచి చెప్పండి" అంటే అవే వివరాలు వాటంతటవే బయటికొస్తాయి. నా దృష్టిలో ఇది అచ్చంగా దర్యాప్తు నైపుణ్యమే.

అమెరికాలోని మెంఫిస్‌లో 1987లో మానసిక అనారోగ్యంతో కత్తి పట్టుకున్న యువకుణ్ని పోలీసులు కాల్చి చంపారు. ఆ తర్వాత 1988లో అక్కడ ప్రత్యేక బృందాలు ఏర్పాటు చేశారు. వాళ్లకు 40 గంటల శిక్షణ ఇస్తారు: జబ్బు లక్షణాలు గుర్తించడం, గొంతు తగ్గించి మాట్లాడటం, తొందరపడకపోవడం. ఈ పద్ధతి తర్వాత ఎన్నో నగరాలకు పాకింది.

ఇక అధికారుల సంగతి. బందోబస్తులో రాత్రంతా నిలబడ్డ కానిస్టేబుల్‌ను సీఐ పదిమందిలో తిడితే, ఆ కోపం మర్నాడు రోడ్డు మీద బండి ఆపినవాడి మీద తీరుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పోలీసులకు వారానికో రోజు సెలవు ప్రకటించారు. అలాంటి సెలవు కాగితం మీదే మిగిలిపోకుండా, ఎవరింట్లో ఏ కష్టముందో తెలుసుకుని డ్యూటీలు వేయాల్సింది స్టేషన్ అధికారే.