సైకాలజీ డిగ్రీతో స్పీచ్ థెరపిస్ట్ కావచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ చేసి, ఇక్కడే బీఎస్సీ సైకాలజీ మొదటి ఏడాది చదువుతోంది. స్పీచ్ థెరపిస్ట్ అవుతానంటోంది. డిగ్రీ అయ్యాక నేరుగా ఆ పీజీలో చేరొచ్చని ఏదో వీడియోలో చూసిందట. నిజమేనా? – ఓ తల్లి

జవాబు: అమ్మా, ఆ వీడియో బహుశా అమెరికా చదువుల గురించి అయి ఉంటుంది. అక్కడ వేరే డిగ్రీ చేసినవాళ్లు కూడా కొన్ని అదనపు కోర్సులు పూర్తిచేసుకుని స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ (స్పీచ్ థెరపీ చదువు పేరు ఇదే) మాస్టర్స్‌లో చేరతారు. మన దేశంలో ఆ దారి లేదు. ఎమ్మెస్సీలో సీటు రావాలంటే ముందు బీఏఎస్ఎల్‌పీ, అంటే వినికిడి, మాట లోపాల చికిత్స నేర్పే డిగ్రీ, చేసి ఉండాలి. మూడేళ్లు చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. అదీ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కాలేజీలోనే. ఆ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు లేకుండా ప్రాక్టీస్ చేయడం 1992 నాటి చట్టం ప్రకారం నేరం కూడా.

అందుకే మారేదుంటే ఇప్పుడే మారమంటాను. మూడేళ్లూ పూర్తిచేశాక మారినా మళ్లీ మొదటి ఏడాదిలోనే కూర్చోవాలి. చదివిన సైకాలజీ ఎక్కడికీ పోదు, ఆ కోర్సులోనూ పనికొస్తుంది. బైపీసీ కాబట్టి అర్హతకు ఇబ్బంది లేదు. మైసూరులోని ఐష్ (ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్), ముంబైలోని అలీ యావర్ జంగ్ సంస్థ, సికింద్రాబాద్‌లో దాని ప్రాంతీయ కేంద్రం పేరున్నవి. సీట్లు ఎలా ఇస్తారో ఈ ఏటి నోటిఫికేషన్లలో చూడండి.

అయితే టీసీ తీసుకునే ముందు ఆ పని ఎలా ఉంటుందో అమ్మాయి కళ్లారా చూడాలి. కేజీహెచ్‌లోనో, వాల్తేరు ఈఎన్‌టీ ఆసుపత్రిలోనో, ఊళ్లోని ఏదైనా థెరపీ సెంటర్‌లోనో అడిగి, వాళ్లు ఒప్పుకుంటే కొన్నాళ్లు ఓ మూల కూర్చోమనండి. నాలుగేళ్ల బాబు 'కాకి'ని 'తాతి' అంటుంటాడు. నాలుక వెనక భాగం పైకి లేవాల్సిన చోట కొస లేస్తోందన్నమాట. థెరపిస్ట్ అద్దం ముందు కూర్చోబెట్టి, ఆటలో పెట్టి, అదే శబ్దాన్ని పదేపదే అనిపిస్తారు. మరుసటి వారం మళ్లీ 'తాతి' అనే వస్తుంది. పక్కగదిలో పక్షవాతం వచ్చిన పెద్దాయన ఉంటారు. మనం చెప్పేది అర్థమవుతుంది, భార్య పేరు మాత్రం నోటికి రాదు, కళ్లనీళ్లు పెట్టుకుంటారు. మింగడం కష్టమైనవాళ్లు, నత్తి ఉన్నవాళ్లు, కాక్లియర్ ఇంప్లాంట్ (వినపడటానికి చెవి లోపల అమర్చే పరికరం) అయిన పిల్లలు, అందరూ వస్తారు. ఇదంతా చూశాక కూడా రేపు మళ్లీ వెళ్తానంటే, అమ్మాయికి ఈ పని నప్పుతుంది. మార్కులకన్నా నేను దీన్నే నమ్ముతాను. అక్కడ చూసిన రోగుల సంగతులు బయట చెప్పకూడదని మాత్రం గట్టిగా చెప్పి పంపండి.

ఈలోగా చెవి, గొంతు నిర్మాణం చదవొచ్చు. తెలుగు ధ్వనులు నోట్లో ఎక్కడ పుడతాయో నేర్చుకోవడం ఇంకా ముఖ్యం. విశాఖలో నేవీ, స్టీల్‌ప్లాంట్ కుటుంబాల పిల్లలు ఇంట్లో హిందీ, ఒడియా, బెంగాలీ మాట్లాడతారు. శ్రీకాకుళం పిల్లాడు 'ఏటి' అంటే అది యాస, దోషం కాదు. ఆ తేడా పట్టే చెవి ఇప్పటినుంచే అలవడాలి.

ఒకవేళ డిగ్రీ మానడం ఇష్టం లేకపోతే, అది పూర్తయ్యాక వినికిడి లోపమున్న పిల్లలకు చదువు చెప్పే స్పెషల్ బీఎడ్‌లో చేరే వీలుందేమో కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూడండి. మంచి ఉద్యోగమే, కానీ దాంతో అమ్మాయి థెరపిస్ట్ అవ్వదు. ఏడాది డిప్లొమాతో థెరపిస్ట్ అయిపోవచ్చని ఎవరైనా చెబితే డబ్బు కట్టకండి. ముందు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఆ కాలేజీ పేరు, దానికి ఏ కోర్సుకు గుర్తింపు ఉందో రెండూ చూసుకోండి.